రేకు పెట్టెలోని క్రిస్మస్ కానుకలు

భీమవరంలో బయలుదేరిన రైలు వీరవాసరం, పాలకొల్లు దాటి నరసాపురం చేరి ఆగిపోతుంది. ఆపైన పట్టాలు లేవు. ఊరి పక్కనే వశిష్ఠ గోదావరి, కొద్ది దూరంలో సముద్రం. డిసెంబరు నెలలో ఈ దారిన వెళ్ళేవారికి కనులపండుగగా ఉంటుంది. సార్వా కోతలు అయిన చేలల్లో వరి కుప్పలు, రోడ్ల వారగా ఆరబోసిన ధాన్యం, కాలువ గట్ల మీద కొబ్బరిచెట్లు, ఊరూరా చర్చి ముందర వెదురు కర్రకు కట్టిన రంగు కాగితాల నక్షత్రం. రాత్రి అయితే చాలు, ఏదో ఒక వీధినుండి క్యారల్స్ బృందం డోలకు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

ఈ ప్రాంతంలో మరొక దృశ్యం ఉంది. మధ్యాహ్నం వంట, గిన్నెలు అయిన తరువాత అరుగుల మీద ఆడవారు చేరతారు. ఒడిలో తెల్లని నూలు ఉండ, కుడిచేతిలో సన్నని ఉక్కు సూది. ఆ సూదికి బెజ్జం ఉండదు, కొన చిన్న కొక్కెంలా వంగి ఉంటుంది. నూలును ఆ కొక్కెంతో లాగి ముడి మీద ముడి వేస్తూ పోతే పూవు, ఆకు, నక్షత్రం తయారవుతాయి. మాటలు మాటలే, పని పనే. చూపు నూలు మీద లేకపోయినా చెయ్యి తప్పదు. దీనినే లేసు అల్లిక అంటారు. దేశ దేశాల్లో పేరుపొందిన నరసాపురం లేసు ఇదే.

ప్రియ పాఠకులారా, నేను ఈ ఊరికి వెళ్ళింది చుట్టపుచూపుకు కాదు. మా అత్తగారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె రేకు పెట్టె ఒకటి మా ఇంటికి చేరింది. పూర్వం బిస్కెట్లు వచ్చిన పెట్టె అది. అందులో ఐదు లేసు సూదులు, పదకొండు నూలు ఉండలు, ఒక సీసా నిండా గాజు పూసలు, జాకెట్లకు కోసి దాచిన గుండీలు, కుట్టుపనిలో వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఉన్నాయి. అడుగున పాత పంచె ముక్కలో కట్టిన మూట. విప్పి చూస్తే విడివిడిగా అల్లిన లేసు పూలు, ఒక్కొక్కటి రెండున్నర అంగుళాల వెడల్పు. లెక్కపెడితే నలభై ఎనిమిది. ఒకదానికొకటి అతకలేదు.

నాకు మిషను మీద కుట్టడం వచ్చును గాని లేసు రాదు. మా పుట్టింటి వైపు ఆ పని లేదు. ఆ పూలను ఏం చేయాలో, అసలు అవి ఎందుకు అలా ఆగిపోయాయో తెలుసుకుందామని, వాటితో ఈ క్రిస్మస్‌కు నలుగురికి కానుకలు చేద్దామని పెట్టె పట్టుకుని మా అత్తగారి పుట్టిన ఊరికి వెళ్ళాను. నరసాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె అది. అక్కడ ఆమె చెల్లెలు, మా చిన్నత్తయ్యగారు ఉన్నారు.

ఈ పని ఎలా వచ్చింది?

నరసాపురానికీ గుడ్డకూ ఉన్న సంబంధం లేసుకంటె పాతది. ఊరిని ఆనుకొని గోదావరి ఒడ్డున మాధవాయపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీవారికి అక్కడ వర్తక స్థావరం ఉండేది. చుట్టుపక్కల నేతగాళ్ళు నేసిన తెల్లని నూలుగుడ్డలు అక్కడినుండి ఓడలెక్కి పోయేవి. ఆ ఊరి పేరు విదేశీయుల నోట ‘మడపొల్లం’ అయి, చివరకు ఒక రకం గుడ్డకే పేరైపోయింది. పొరుగున పాలకొల్లులో అంతకు ముందు 17వ శతాబ్దంలో డచ్చివారు వర్తకం చేశారు. ఆ రోజులలో నరసాపురంలో ఓడలు కూడా కట్టేవారు. 19వ శతాబ్దంలో కూడా కొంతకాలం మాధవాయపాలెంలో కంపెనీ వర్తకం సాగింది. ఇంగ్లండు మిల్లు గుడ్డ రావడంతో చేతి నేతకు గిరాకీ పడిపోయి, మన తీరంలో ఎన్నో నేత కుటుంబాలు దెబ్బతిన్నాయి.

మిషనెరీలు ఈ డెల్టాకు వచ్చింది సరిగ్గా ఆ రోజులలోనే. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు సహోదరులు తమ భార్యలతో కూడ ఇంగ్లండునుండి బయలుదేరి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడి సువార్త ప్రకటించారు. ఆ శతాబ్దంలోనే గోదావరి జిల్లాలలోని మిషనెరీ స్త్రీలు ఇక్కడి బీద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఎగువన భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలోని మిషనులో కూడా లేసు పని సాగింది. క్రొత్తగా ప్రభువును నమ్మినవారిలో చాలామంది పొలం కూలి తప్ప వేరే ఆధారం లేనివారు. కరవు వస్తే కూలి కూడా ఉండదు. ఇంటి పట్టున కూర్చుని చేసుకొనే పని ఒకటి చేతిలో ఉంటే పిల్లలకు గంజి అయినా దొరుకుతుందని ఆ తల్లుల ఉద్దేశం.

ఇటువంటిదే ఐర్లండులోనూ జరిగింది. అక్కడ 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, ఏళ్ళ తరబడి ఘోరమైన కరవు వచ్చినప్పుడు కాన్వెంటులలోని సన్యాసినులు, దయగల స్త్రీలు పేద కుటుంబాల ఆడపిల్లలకు ఇదే కొక్కెపు సూది పని నేర్పారు. పూలు, ఆకులు విడివిడిగా అల్లి తరువాత ఒకటిగా అతకడం అక్కడి పద్ధతి కూడా. ఒకరు పూవు, ఒకరు ఆకు చేస్తే పని తొందరగా తెమిలేది. నరసాపురంలోనూ అంతే. ఒక ఇంట పూలు అల్లుతారు, మరొక ఇంట అతుకు పని చేస్తారు.

మొదట సంఘంలోని బీద స్త్రీలు నేర్చిన ఈ పని తరువాత ఊరిలోని ఇతర కుటుంబాలకు, ముఖ్యంగా కాపుల ఇళ్ళకు ప్రాకింది. గడప దాటి కూలికి పోవడం గౌరవం కాదనుకునే ఇళ్ళలో కూడా ఇది గడప లోపలి పని గనుక ఒప్పుకున్నారు. వర్తకులు వచ్చారు. వర్తకులకు ఏజెంట్లు వచ్చారు. ఏజెంటు నూలు తూచి ఇస్తాడు, అల్లిన పూలు లెక్కపెట్టి తీసుకుంటాడు. బల్ల గుడ్డలు, దిండు గలీబులు, పరుపు దుప్పట్లు అయి అవి ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పోయాయి. ఏ దేశంలోనో క్రిస్మస్ విందు బల్లమీద పరచిన గుడ్డ మన పల్లెలో కిరసనాయిలు దీపం దగ్గర అల్లినదై ఉండవచ్చును.

మారియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1970ల చివరిలో ఇక్కడికి వచ్చి, ఈ స్త్రీల మధ్య ఉండి వారి పనిని గూర్చి ఒక పుస్తకం వ్రాసింది. అది 1982లో అచ్చయింది. రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి కూడా చేతికి రాని స్త్రీలను ఆమె చూసింది. వారిని పనివారుగా ఎవరూ లెక్కించలేదని, ఇంట్లో తీరిక వేళ కాలక్షేపంగా చేసే పని అని పేరు పెట్టి, ఆ పేరుతోనే తక్కువ కూలి ఇచ్చారని ఆమె చూపించింది. కరవునాడు దయతో మొదలైన పని తరువాత కొందరికి లాభమూ, అల్లినవారికి కంటి జబ్బూ మిగిల్చిందంటే మనం ఆలోచించవలసిన మాటే.

మూట వెనుక సంగతి

చిన్నత్తయ్యగారికి కళ్ళకు శుక్లాలు తీశారు. అయినా సన్నపని కనబడదు. పూలను ఒడిలో పోసుకుని వేళ్ళతో తడిమి చూశారు. రెండు మూడు పూలు తడమగానే ఆమె ముఖం మారిపోయింది.

“ఇయ్యి నాకు తెలుసమ్మాయ్. తొంభై ఆరు తుఫాను ఏడు. మీ అత్త అల్లినవే” అన్నారు.

1996 నవంబరులో కోనసీమమీద విరుచుకుపడిన తుఫాను గోదావరికి ఇవతల ఒడ్డున కూడా గాలివాన తెచ్చింది. అప్పటికి మా అత్తగారిది తాటాకుల ఇల్లు. పురుటికి వచ్చిన ఆడపడుచు ఇంట ఉండగా, క్రిస్మస్ ఖర్చులకని ఏజెంటు దగ్గర నూలు తెచ్చుకుని ఈ పూలు అల్లింది. తుఫాను రాత్రి కప్పు కారి మూట తడిసింది. సూది మీద పడిందో, రేకు తుప్పు తగిలిందో గాని నాలుగు పూలకు ఎర్రని మచ్చ అయింది.

“నలభై ఎనిమిదిలో నాలుగేనండీ పాడయింది?” అన్నాను.

“నాలుగే. ఆ నాలుగూ తీసి పక్కన పెట్టొచ్చుగా? పెట్టలేదు. మూట మొత్తం తిప్పి ఇచ్చాడు. పైగా నూలు ఖరీదు తరవాత లెక్కలో పట్టుకున్నాడు. ఆ ఏడు పండక్కి పిల్లలకి బట్టలు లేవు. పాతవే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తొడిగింది. గుడికి మాత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చుంది మీ అత్త.”

“మరి ఈ పూలతో తనకోసం ఏదైనా చేసుకోలేకపోయారా?”

“ఎలా చేసుకుంటాదమ్మా? చూసినప్పుడల్లా ఆ పండగే గుర్తొచ్చేది కాబోలు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కట్టి అడుగున పెట్టేసింది.”

మా అత్తగారు నాతో ఇన్నేళ్ళు కలిసి ఉండి ఈ సంగతి ఒక్కనాడు కూడా చెప్పలేదు. మా ఇంట్లో ఆమె చేతి లేసు ఒక్క ముక్క లేదెందుకో నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళికి ముందు పదేళ్ళు, తరువాత ఇరవై ఏళ్ళు అల్లిన మనిషి. అల్లినదంతా అమ్మకానికే పోయింది.

చిన్నత్తయ్యగారిని అడిగి అరుగు మీద కూర్చుని ఒక లెక్క వేశాను. చెయ్యి తిరిగిన మనిషికి ఇటువంటి పూవు ఒకటి అల్లడానికి ముప్పావు గంట. నలభై ఎనిమిది పూలకు ముప్పై ఆరు గంటలు. ఇంటి పని చేసుకుని రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఆరు రోజులు. లోకం సృష్టించడానికి దేవుడు తీసుకున్నన్ని దినాలు! ఆ ఆరు రోజుల కష్టం ఇన్నేళ్ళు బిస్కెట్ల పెట్టె అడుగున చీకటిలో ఉండిపోయింది.

అతుకు పని

పూలు అతకడానికి చిన్నత్తయ్యగారు పొరుగింటి అమ్మాయిని పిలిచారు. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి. లేసు పని మీదే సంసారం గడుస్తున్నది. వచ్చి పూలు తిరగేసి చూసి, “ఇంత బిగువుగా ఇప్పుడు ఎవరూ అల్లట్లేదండి” అని ముచ్చటపడింది.

మొదట పూలను ఎనిమిది వైపులు సరిచూసి నాలుగు చొప్పున వరుస పేర్చింది. పూవు రేకుల చివర్లు ఒకదానినొకటి తాకే చోట సూదితో కలిపి, నడుమ మిగిలిన ఖాళీలో గొలుసు కుట్టు వేసి, మధ్యలో చిన్న చుక్క పూవు పెట్టి నింపింది. ఆమె పని చేస్తుంటే చిన్నత్తయ్యగారు పక్కన కూర్చుని అంచు మీద వేలు నడిపిస్తూ, “ఇక్కడ వదులయింది, విప్పు” అని చెబుతున్నారు. కళ్ళు చూడలేనిది వేళ్ళు చూస్తున్నాయి.

సాయంత్రం కూలి మాట వచ్చింది. “క్రిస్మస్ కానుకలకేగా, డబ్బులెందుకండి? నేను కూడా పుణ్యానికి చేశాననుకుంటాను” అన్నది ఆ అమ్మాయి. నేను జవాబు చెప్పేలోగా చిన్నత్తయ్యగారే అందుకున్నారు.

“కానుక ఇచ్చేది ఈ అమ్మాయి, నువ్వు కాదు. నీ పిల్లల తిండి పట్టుకెళ్ళి ఇంకోళ్ళకి కానుక ఇస్తే దేవుడు మెచ్చుతాడా? తీసుకో.”

రెండు రోజుల పనికి ఆ ఊరిలో పొలం పనికి ఇచ్చే కూలి లెక్కకట్టి ఇచ్చాను. లేసు కూలి అంతకంటె తక్కువే ఉంటుందట. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడి వేసుకుంది. పనివారి కూలి బిగపట్టితే ఆ కూలి మొఱ్ఱ దేవుని చెవిని పడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయములో ఉన్నది. ఆ మాట పొలం యజమానులకే అని మనం అనుకుంటాము. చీర అంచు కుట్టించుకునేటప్పుడు, పండుగకు జాకెట్టు కుట్టించుకునేటప్పుడు, ‘మన సంఘంలో అమ్మాయేగా’ అని బేరమాడే మనకు కూడా అది వర్తిస్తుంది.

ఏమేమి చేశాము?

మచ్చ పడిన నాలుగూ పోగా నలభై నాలుగు పూలు బాగున్నాయి. పదహారు పూలు నాలుగు వరుసలుగా అతికి, చుట్టూ అంచు వేస్తే దాదాపు అడుగు చదరపు గుడ్డ అయింది. అది మా గుడిలో ప్రభువు బల్లమీద రొట్టె పళ్ళెం కప్పడానికి. మరి పదహారు పూలు నాలుగేసి చొప్పున కలిపి, అంచున అత్తగారి సీసాలోని గాజు పూసలు వ్రేలాడదీస్తే నాలుగు గ్లాసు మూతలయ్యాయి. పాల గ్లాసుమీద, మంచినీళ్ళ చెంబుమీద వేస్తే పూసల బరువుకు గాలికి ఎగరవు, ఈగలు వాలవు. మంచంమీద ఉన్న నలుగురు పెద్దవారికి అవి. ఎనిమిది పూలు ఒక్కొక్కటిగా ఎనిమిది బైబిలు సంచులమీద కుట్టాను. సంచులకు గుడ్డ అత్తగారి పాత నేత చీరలే. మెత్తబడిన చోట్లు వదిలి, గట్టిగా ఉన్న కొంగు భాగం కోసి, లోపల మరొక పొర వేసి కుట్టాను. గుండీలు కూడా ఆ పెట్టెలోవే. ఇవి సండేస్కూలు పిల్లలకు.

ఇక మిగిలినవి నాలుగు మంచి పూలు, నాలుగు మచ్చ పూలు. వాటిని, సూదులను, నూలును మరల పెట్టెలో సర్ది మా అమ్మాయికి ఇచ్చాను. మంచి పూవు చూసి నేర్చుకోవాలి. మచ్చ పూవు విప్పి, ముడి ఎలా పడిందో చూసుకోవాలి. చిన్నత్తయ్యగారు చెప్పిన ఉపాయమే ఇది. విప్పితే గాని అల్లిక అర్థం కాదట. ఏజెంటు తిప్పిపంపినవాటిలో తిప్పిపంపినవి కూడా ఆ విధంగా పనికి వచ్చాయి.

పాత సామాను వాడుకునేవారికి కొన్ని సూచనలు

మీ ఇళ్ళలో కూడా అమ్మమ్మ, నాయనమ్మల కుట్టు సామాను ఉండవచ్చు. వాడేముందు కొన్ని సంగతులు గమనించండి.

పాత నూలు పైకి బాగున్నా లోపల చివికి ఉండవచ్చు. మూరెడు తీసి రెండు చేతులతో లాగి చూడండి. తెగితే దానితో అల్లవద్దు, కుట్టవద్దు. ఉండ పైపొర ఎండకు, దుమ్ముకు పాడయినా లోపలి నూలు గట్టిగా ఉండడం కద్దు. నాలుగు చుట్లు తీసేసి మరల చూడండి.

తుప్పు పట్టిన సూదిని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, సన్నని గరుకు కాగితంతో రుద్దండి. కొక్కెం లోపల గరుకు మిగిలితే నూలు పీచు లేస్తుంది. అటువంటి సూదిని పక్కన పెట్టడమే మంచిది.

పసుపు పడిన లేసును గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మార్చి మరల నానబెట్టండి. రుద్దవద్దు, మెలిపెట్టి పిండవద్దు. తువాలులో చుట్టి నొక్కితే నీరు దిగుతుంది. తుప్పు మరక ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి కడగండి. మరక పూర్తిగా పోకపోయినా తగ్గుతుంది. బ్లీచింగు పొడి మాత్రం వేయవద్దు, పాత నూలు తట్టుకోలేదు.

తడిగా ఉండగానే తెల్లని గుడ్డమీద పరచి, రేకు రేకుకూ గుండుసూది పెట్టి ఆరనివ్వండి. పలుచని గంజి పెడితే పూవు నిలబడుతుంది. తుప్పు పట్టని గుండుసూదులే వాడాలి సుమా.

కొత్త గుడ్డ వాడేటట్లయితే ముందు ఉతికి ఆరవేయండి. లేకపోతే మొదటి ఉతుకుకు గుడ్డ ముడుచుకుని లేసు ఉబ్బిపోతుంది. పాత లేసు మీగడ రంగులో ఉండి కొత్త నూలు తెల్లగా కొట్టవచ్చినట్టుంటే, కొత్త నూలును పలుచని టీ నీళ్ళలో కొద్దిసేపు ముంచి ఆరబెట్టండి. రెండు రంగులూ కలిసిపోతాయి.

లేసు రానివారు దిగులు పడనక్కరలేదు. పాత గుండీలు, జరీ అంచులు, చీర ముక్కలు చాలు. పసిబిడ్డకు బొంత, అమ్మమ్మకు మోకాలు గుడ్డ, పాస్టరుగారి బైబిలుకు సంచి కుట్టవచ్చు. డబ్బు ఖర్చు తక్కువ గాని కాలం ఖర్చు ఎక్కువ. అందుకే డిసెంబరు ఇరవైన కాక నవంబరులోనే మొదలుపెట్టండి.

మాధవాయపాలెం రేవు

తిరుగు ప్రయాణానికి ముందు మాధవాయపాలెం రేవుకు వెళ్ళాను. అవతల ఒడ్డు కోనసీమలోని సఖినేటిపల్లి. తరతరాలుగా జనం ఇక్కడ పంటు మీదే గోదావరి దాటుతున్నారు. మోటారు సైకిళ్ళు, కొబ్బరి బుట్టలు, పండుగకు పుట్టింటికి పోతున్న ఆడపడుచులు అన్నీ ఒకే పంటు మీద. నీటి అంచున నిలబడి చూస్తే ఇక్కడ ఒకనాడు ఓడలకెక్కిన గుడ్డల మూటలు, ఈ డెల్టాకు సువార్త తెచ్చిన మనుష్యులు, లేసు మోసుకుపోయిన పెట్టెలు అన్నీ మనసుకు వస్తాయి. ఈ నేలనుండి బయటకు పోయిన చేతిపని అంత ఇంత కాదు. చేసినవారి పేరు మాత్రం ఏ మూట మీదా లేదు.

నేడు కొంత మార్పు వచ్చింది. సీతారామపురంలో లేసు వర్తక కేంద్రం ఏర్పడింది. స్త్రీలే సంఘాలుగా కూడి సరుకు అమ్ముకునే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఈ ప్రాంతంలో చేతితో అల్లినదానినే ఆ పేరుతో అమ్మాలి. మిషను లేసు చవకగా వచ్చి పడుతున్న రోజులలో ఇది మంచి మాట. అయితే ఆ గుర్తింపు ఫలం అరుగు మీద కూర్చున్న స్త్రీ కొంగు ముడి వరకు రావాలి. అంతవరకు మనం ప్రార్థించాలి, కొనేటప్పుడు సరియైన వెల కూడా ఇవ్వాలి.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో యొప్పేలోని తబితా సంగతి మనకందరికీ తెలిసినదే. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలిచి ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఒకటి గమనించండి. ఆమె కుట్టినవి సంతకు పోలేదు. ఏడ్చేవారి దగ్గరనే ఉన్నాయి, ఎవరు కుట్టారో వారికి తెలుసు. అలాగే సమూయేలు తల్లి హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి దేవుని మందిరములో ఉన్న తన కుమారునికి తీసుకుపోయేదని మొదటి సమూయేలు 2వ అధ్యాయము చెబుతున్నది. పిల్లవాడు ఏటేటా ఎంత ఎదుగుతాడో దూరాన ఉండే అంచనా కట్టి కుట్టిన తల్లి ఆమె. కొన్న అంగీలో ఆ అంచనా ఉండదు.

అందుకని మేము ఇచ్చిన ప్రతి కానుకలో ఒక చిన్న చీటీ పెట్టాము. పూవు అల్లింది ఎవరు, అతికింది ఎవరు, సంచి కుట్టింది ఎవరు అని ముగ్గురి పేర్లు వ్రాశాము. గ్లాసు మూత అందుకున్న ఒక పెద్దాయన చీటీ చదివించుకుని, “మీ అత్తగారు అల్లిందా? ఆవిడ లేసు పని చేసేదని మాకు తెలియదే!” అని ఆశ్చర్యపడ్డారు. పక్క వీధిలో ఇరవై ఏళ్ళు ఉన్న మనిషి ఆయన. సండేస్కూలు పిల్లలైతే సంచిలో బైబిలు పెట్టడం మాని ముందు పూవు రేకులు లెక్కపెట్టుకున్నారు.

సహోదరీ, ఈ క్రిస్మస్ రాకముందే నీ ఇంటి అటక మీది పెట్టె దింపి చూడు. అందులో ఉన్నది ఎవరి చేతిపనో పిల్లలకు చెప్పు. చెప్పగలిగిన పెద్దవారు ఇంకా బ్రతికి ఉంటే వారి దగ్గర కూర్చుని అడుగు, ఆలస్యం చేయవద్దు. చేతనైనది చేసి, లేనివారికి ఇవ్వు. నీకు చేతకానిది మరొకరిచేత చేయిస్తే ఆమె కూలి ఆ పూటే చెల్లించు. పొత్తిగుడ్డలలో చుట్టబడి పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు బీదల చేతిపనిని చిన్నచూపు చూడడు. మన చేతుల పనిని ఆయన స్థిరపరచి, అల్లే చేతులకు, ఇచ్చే చేతులకు, పుచ్చుకునే చేతులకు తన సమాధానము దయచేయును గాక. ఆమేన్.